మాస్టరు నాలుక

మాస్టరంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టరు కాదు. బేకరీలో పొయ్యికి పెద్ద. బ్రెడ్డు ఎప్పుడు లోపలికి వెళ్లాలో, బన్ను ఎప్పుడు బయటికి రావాలో ఆయన చెప్పాల్సిందే. ఆ పొయ్యి గదిలోకి అందరికంటే ముందు అడుగుపెట్టేది ఆయనే, లైటు వేసేది ఆయనే. లైటు కంటే ముందు మాత్రం కూల్‌డ్రింకు సీసా మూత తీసేవాడు. ఆ మొదటి సీసా కడుపులో పడకుండా ఆయన్ని పలకరించి, చీవాట్లు తినకుండా తప్పించుకున్నవాళ్లు ఆ బేకరీలో ఎవరూ లేరు.

ఆ అలవాటు వెనకొక కథ ఉంది. మీసాలు సరిగ్గా రాని వయసులో ట్రేలు మోయడానికి చేరాడు. అప్పటి పెద్దాయన, అంటే బేకరీ పెట్టిన మనిషి, కోపిష్టి. మాడిన బ్రెడ్డు కనిపిస్తే చాలు, పై కప్పు లేచిపోయేలా అరిచేవాడు. అలాంటి పెద్దాయన, ఇతను మొదటిసారి తనంతట తాను కాల్చిన ట్రేని ఎగాదిగా చూసి, ఒక బన్ను తుంచి నోట్లో వేసుకుని, ఏమీ అనకుండా వెళ్లి చల్లటి సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "తాగరా. ఇవాళ్టి నుంచి నువ్వు మాస్టరువి" అన్నాడు. పొయ్యి సెగకి ఎండిపోయిన గొంతులోంచి ఆ చల్లదనం దిగుతుంటే కుర్రాడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గ్యాసు వల్ల అనుకున్నారు చూసినవాళ్లు.

అప్పట్నుంచి ట్రే బాగా వస్తే ఆ సంతోషానికి ఒక సీసా. బాగా రాకపోతే ఆ బాధకి ఒక సీసా. బాగా రావడం, రాకపోవడం కాకుండా మూడో రకం ఉండదు కాబట్టి ఎలా చూసినా సీసా తప్పలేదు. అన్నంతో అదే, మాత్ర వేసుకోవడానికి అదే. తను కాల్చిన బన్ను తిన్నా దానితోనే. పెళ్లైన కొత్తలో భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తర్వాత అలిగింది. ఆ తర్వాత చేతులెత్తేసి, స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టుకునే తన మిషను మీద దృష్టి పెట్టింది.

పెద్దాయన నేర్పిన పనుల్లో ఒకటుంది. ఆ బేకరీకి పేరు తెచ్చింది తీపి బన్ను. దానికి చక్కెర తూచి వెయ్యరు. పెద్ద స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, చక్కెర కలిపి, చెంచాడు తీసి నాలుక మీద వేసుకుని చూస్తారు. "బస్తా బస్తాకి చక్కెర మారుతుందిరా. నోటితో చూసుకో" అనేవాడు పెద్దాయన. మాస్టరు కూడా రోజూ అలాగే కళ్లు మూసుకుని, చెంచా చప్పరించి, తల ఊపి, గిన్నె మీద మూత పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆ నీళ్లు చల్లారే వేళకి పిండి కలిపే ఆమె వచ్చేది. మాస్టరు ఆమెని చెల్లెమ్మా అని పిలవడంతో బేకరీ మొత్తానికి ఆమె చెల్లెమ్మే. కౌంటర్లో కూర్చునే యజమానురాలు కూడా అలాగే పిలిచేది.

రోజులు అలాగే గడిచిపోయేవి, చేతి మీద ఆ గాయం కాకపోయుంటే. బేకరీ మనిషి ముంజేతి మీద కాలిన మచ్చలు ఉండనే ఉంటాయి. ట్రే అంచు తగలడం, చురుక్కుమనడం, వారం తిరిగేసరికి మచ్చ మిగలడం మామూలే. ఈసారి తగిలింది మాత్రం మానడం లేదు. పొక్కు చితికి, పచ్చిగా అలాగే ఉండిపోయింది. చొక్కా చెయ్యి కిందికి దించుకుని కొన్నాళ్లు దాచాడు. ఆ చొక్కా ఉతికేది భార్యే కాబట్టి ఆ దాపరికం ఎక్కువ రోజులు సాగలేదు. ఆవిడ మిషను ఆపేసి ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి, "షుగరు గుమ్మం దాకా వచ్చింది. ఇంకా లోపలికి రాలేదు. రోజుకి ఎన్ని తాగుతారు?" అని అడిగింది.

"నీళ్లా?" అన్నాడు మాస్టరు అమాయకంగా.

"కూల్‌డ్రింకులు."

మాస్టరు పైన తిరుగుతున్న ఫ్యాన్‌ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. "ఈయన తాగినవి కాదండీ, తాగని పూటలు అడగండి. అదైతే చప్పున చెప్పగలను. ఒక్కటీ లేదు" అంది భార్య.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒక్కసారిగా మానమనను, మీ వల్ల కాదు. తగ్గించండి. తగ్గిస్తే మందులు కూడా అక్కర్లేకపోవచ్చు. తగ్గించలేదంటే మాత్రం పొయ్యి పని మానెయ్యండి. మీ ఒంటి మీద కాలిన గాయం మానడం లేదు. రోజూ నిప్పు దగ్గర నిలబడతానంటే ఎలా ఒప్పుకుంటాను?"

పొయ్యి లేకుండా మాస్టరుకి ఒక పొద్దు గడిచిన జ్ఞాపకం లేదు. జబ్బు చేసిన రోజు కూడా వచ్చి గుమ్మంలో కూర్చుని, "రెండో ట్రే తిప్పండి" అని అరిచి వెళ్లిన మనిషి. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నువ్వే ఏదో ఒకటి చెయ్యవే. నా వల్ల కాదు" అన్నాడు.

ఆవిడ ఆ మాట కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో! ఆ పూటే ఇంట్లో ఉన్న సీసాలన్నీ బీరువాలో చీరల వెనక చేరాయి, తాళం ఆవిడ కొంగుకి చేరింది. మధ్యాహ్నం అన్నం తర్వాత ఒక గ్లాసు. గ్లాసు కూడా ఇంట్లో అన్నింటికంటే బుల్లిది ఏరి పెట్టింది. "దీంట్లో పిచ్చుక కూడా స్నానం చెయ్యలేదు" అన్నాడాయన. "మీరు చెయ్యక్కర్లేదు, తాగండి చాలు" అందావిడ.

మొదటి రోజులు నరకం. తల పగిలిపోయేది. చేతులు లాగేవి. బేకరీలో ట్రేల మీద, తలుపుల మీద, ఊరికే కూర్చున్న ఈగ మీద కూడా అరిచాడు. పక్కసందు మూలన కొట్టు నడిపే అతను, తన అమ్మకంలో సగం మాస్టరు దయేనని చెప్పుకునేవాడు. అతని దగ్గరికి దొంగచాటుగా వెళ్లి సైగ చేశాడోసారి. ఫ్రిజ్ తలుపు తీసి అతను చేతిలో పెట్టింది చల్లటి మంచినీళ్ల సీసా.

"ఇదేంట్రా తమ్ముడూ?"

"వదిన వచ్చి చెప్పి వెళ్లిందన్నా. నీకోసమే రోజూ పెడుతున్నా. ఊరికే తీసుకో. నువ్వు ఉంటేనే కదా నా కొట్టూ ఉండేది!"

మాస్టరు తిట్టుకుంటూనే తాగాడు. తాగి, సీసా తిరిగి ఇస్తూ, "రేపు కూడా పెట్టు" అన్నాడు. తన బేరం తనే పోగొట్టుకునే దుకాణదారుణ్ణి ఆయన అంతకుముందు చూడలేదు. ఆ కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక, వస్తూ వస్తూ అతని కొట్టు ముందు గాలికి పడిపోయిన బల్లని లేపి నిలబెట్టి వచ్చాడు.

గాయం అంచుల నుంచి ఆరడం మొదలైంది. తలనొప్పి తగ్గింది. ఒకరోజు అన్నంలో టమాటా ముక్క కొరికి, "ఇందులో చక్కెర వేశావా?" అని అడిగాడు భార్యని. వెయ్యలేదు. పాలు తియ్యగా ఉన్నాయి. ఉల్లిపాయ తియ్యగా ఉంది. ఎన్నేళ్లుగానో మూసి ఉంచిన గదికి కిటికీ తెరిచినట్టయింది ఆయన నోటికి. సెగలో నిలబడి మురిసిపోయాడు. డాక్టరమ్మకి, భార్యకి, కొట్టు తమ్ముడికి వరసగా మనసులోనే దణ్ణాలు పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తీపి బన్ను చెడింది.

రోజూ వచ్చే ఒక ముసలాయన బన్నుని వెనక్కి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "దీనికేమైనా జ్వరం తగిలిందామ్మా? ఇలా పాలిపోయింది" అని అడిగాడు. యజమానురాలు ఇంకోటి తుంచి చూసింది. చప్పగా ఉంది. పైన బంగారు రంగు రావడం లేదు. మాస్టరు పిండి బస్తా మార్చాడు. ఈస్టు మార్చాడు. పొయ్యి సెగ పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. ఏం చేసినా బన్ను అలాగే మొహం మాడ్చుకుని వచ్చేది. అన్నిటికంటే ఆయన్ని తినేసింది ఏమిటంటే, తీపి నీళ్లు చెంచాతో చూసినప్పుడు దివ్యంగా ఉంటున్నాయి. అవే నీళ్లు బన్నులోకి వెళ్లేసరికి తీపి మాయం. ఇక ఒక్కటే అనుమానం మిగిలింది. తన నాలుకే అబద్ధం చెబుతోంది.

యజమానురాలు పెద్దాయన కోడలు. ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు బన్ను ఎలా తుంచితే ముక్కలు రాలవో నేర్పింది మాస్టరే. అందుకే ఆ మాట చెప్పడానికి ఆవిడ చాలా నీళ్లు నమిలింది.

"బాబాయ్‌గారూ, మీరు ఏమీ అనుకోకండి. ఒంట్లో బాగోలేదు కదా. కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. తూకం వేసి చేసే మనిషిని ఎవరినైనా చూస్తాను. వచ్చే వారం నుంచి..."

"అలాగేనమ్మా" అన్నాడు మాస్టరు.

అటునుంచి అటే మూల కొట్టుకి వెళ్లాడు. "పాతదే ఇవ్వు" అన్నాడు. "నిజంగానా అన్నా?" అన్నాడతను. మాస్టరు మొహం చూసి, ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చాడు.

బేకరీ వెనక పిండి బస్తాలు దించే చోట నీడ ఉంటుంది. మాస్టరు అక్కడ ఒక బస్తా మీద కూర్చుని మూత తీశాడు. ఎంతకాలమైందో ఆ చప్పుడు విని. చెల్లెమ్మ చేతులకున్న పిండి దులుపుకుంటూ బయటికొచ్చి, చూసి, అక్కడే ఆగిపోయింది.

"అన్నయ్యా! ఇదేంటి? చెయ్యి ఇప్పుడిప్పుడే కదా మానుతోంది!"

"చెయ్యి మానితే సరిపోయిందా? నాలుక పోయాక చెయ్యెందుకమ్మా నాకు? ఇది తాగినన్నాళ్లూ బన్ను అమృతంలా వచ్చింది. మానేసరికి పోయింది. నాదేదో పనితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. నాదేం లేదు, ఈ సీసాదే. వారం గడువుంది. మళ్లీ పాత దారి పట్టి చూస్తా. బన్ను బాగుపడిందా, పొయ్యి నాది. చెయ్యి ఏమైపోతే అదే అవుతుంది."

చెల్లెమ్మ ఏదో లెక్క సరిపోని మనిషిలా ఆయన వైపే చూసింది.

"అన్నయ్యా, తీపి నీళ్లలో చక్కెర ఏమైనా తగ్గించారా?"

"తగ్గించకేం? ముందు వేసేదానిలో బోలెడు తగ్గించా. అంత వేస్తే నోట్లో పెట్టుకోలేకపోతున్నా."

చెల్లెమ్మ పక్క బస్తా మీద కూలబడిపోయింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. జుట్టుకి పిండంటింది.

"ఆ సీసా కింద పెట్టండి. మీ నాలుక పోలేదు. వచ్చింది. వచ్చిందని నేనే చూసుకోలేదు."

"ఏంటమ్మా నువ్వనేది?"

"రోజూ మీరు అటు వెళ్లగానే ఆ గిన్నెలోంచి ఒక మగ్గు తీసేసి, మామూలు నీళ్లు ఒక మగ్గు పోస్తానన్నయ్యా. తీసిందాన్ని మరిగించి బన్నుల పైన పూతకి వాడతాను."

"పూతకి చక్కెర వేరే తీస్తున్నావనుకున్నానే!"

"లేదు. మా చిన్నది పుట్టి నేను మళ్లీ పనిలోకి వచ్చానే, అప్పుడు మొదలైంది. బన్ను తింటే మరీ వెగటు పుడుతోందని ఒకరిద్దరు నా దగ్గర అన్నారు. నీళ్లు చూస్తే పాకంలా ఉన్నాయి. మీకు తెలియడం లేదు. చెబుదామని మీ దగ్గరికి వచ్చాను కూడా. ఆ రోజే మీరు పెద్దాయనతో పోట్లాడుతున్నారు. చంటిపిల్లతో వచ్చే మనిషి వద్దని ఆయన, పిల్ల పొయ్యి అవతలి వెచ్చటి గోడ పక్కన ట్రే పెట్టెలో పడుకుంటుంది, దాని ఏడుపు నేను భరిస్తానని మీరు. ఇంక నాకు నోరెలా వస్తుంది? ఒక మగ్గే కదా అనుకుని తీసేశాను. మొదట్లో రోజూ రుచి చూసి తీసేదాన్ని. తర్వాత చూడ్డం మానేశాను. చేతికి అలవాటైపోయింది. మీకు సీసా ఎలాగో నాకు మగ్గు అలాగ. మీరు మీది తగ్గించుకున్నారు. నేను నాది తగ్గించుకోలేదు."

ఆ చిన్నది ఇప్పుడు తల్లి కంటే పొడుగు. మాస్టరుకి తల తీసేసినట్టయింది. లేచాడు. "నా గిన్నెలో! నా గిన్నెలో చెయ్యి పెట్టావా!" అని గట్టిగా అరిచాడు. చెల్లెమ్మ తలెత్తలేదు. ఆయన గోడ దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ‘మాస్టరు చెయ్యి పడితే ఇంక తిరుగుందా’ అని జనం మెచ్చుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. మీసం మెలితిప్పుకున్న రోజులూ గుర్తొచ్చాయి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

నడుస్తూ నడుస్తూ ఇంకో సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు. పిండి ఎక్కువ పొంగిందని ఈ మనిషినే అందరిముందూ ఎన్నిసార్లు కడిగిపారేశాడు! ‘నీకు నోరుందే గాని రుచి తెలియదు’ అని కూడా అన్నాడొకసారి. ఆ రోజు ఆమె ఒక్క మాట అని ఉంటే ఈయన బతుకు బజారుపాలయ్యేది. అనలేదు. కళ్లు తుడుచుకుని వెళ్లి, మర్నాడు మళ్లీ ఒక మగ్గు తీసి, ఒక మగ్గు పోసింది. యజమాని కంటపడితే తన పనే పోయే తప్పు అది. ఆయన పరువు కోసం రోజూ ఆ తప్పు చేస్తూ వచ్చింది.

మాస్టరు వచ్చి మళ్లీ బస్తా మీద కూర్చున్నాడు.

"ఇన్నేళ్లు నన్ను మోశావు కదమ్మా, చెల్లెమ్మా. బరువని ఒక్కనాడు కూడా తెలియనివ్వలేదు."

"మీరు నా పిల్లని మొయ్యలేదా అన్నయ్యా" అంది ఆమె, కొంగుతో మొహం తుడుచుకుంటూ. తుడుచుకున్న కొద్దీ మొహమంతా పిండే అయింది.

"పద" అన్నాడు మాస్టరు.

"ఎక్కడికి?"

"కౌంటరు దగ్గరికి. చెప్పాలి."

"వద్దన్నయ్యా, రేపు నేను మగ్గు తియ్యను. బన్ను దానంతటదే బాగుపడుతుంది. ఎవరికీ తెలియనక్కర్లేదు."

"నాకు తెలిసిందిగా. ఇంక దాచుకుంటే నేను దొంగనవుతాను."

కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామని చెల్లెమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. మాస్టరు ఆగలేదు, ఆగితే తన ధైర్యం కూడా ఆగిపోతుందని ఆయనకి తెలుసు. "అమ్మా, మన తీపి బన్ను ఎన్నేళ్లుగానో నాది కాదు. నా నోరు చచ్చిపోయి చక్కెర కుమ్మరిస్తుంటే ఈ అమ్మాయి దిద్దుతూ వచ్చింది. నా పేరు నిలబెట్టింది, మీ కొట్టు నిలబెట్టింది. తప్పు నాది. మీరు కొత్త మనిషిని చూసుకున్నా నేనేమీ అనుకోను. ఈవిణ్ణి మాత్రం ఒక్క మాట అనకండి" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

యజమానురాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చేతిలో పొట్లం కట్టబోతున్న కాగితం అలాగే ఉండిపోయింది.

"అయితే బాబాయ్‌గారూ, ఇప్పుడు మీ నాలుక బాగున్నట్టేనా?"

"ఈవిడ బాగుందంటోంది. నాకైతే ఇంకా నమ్మకం లేదమ్మా."

"రేపు ఇద్దరూ చూడండి" అందావిడ. "ఒకరు చూశాక ఇంకొకరు. కొత్తమనిషి సంగతి బన్ను తిన్నాక మాట్లాడుకుందాం."

మర్నాడు మాస్టరు చెంచాతో చూశాడు. చెల్లెమ్మ చూసింది. ఆవిడ తల ఊపేదాకా ఈయన ఊపిరి తీసుకోలేదు. మగ్గు తియ్యకుండా గిన్నెడూ పిండిలోకి వెళ్లింది. ట్రే బయటికొచ్చాక బన్నుల మీద రంగు చూసి చెల్లెమ్మ కిసుక్కున నవ్వింది. మాస్టరు మాత్రం నవ్వలేదు. ఒకటి తీసి, వేడికి అరచేతుల్లో ఎగరేసుకుని, తుంచి, ఉత్త నోటితో తిన్నాడు. పక్కన కూల్‌డ్రింకు లేదు, నీళ్లు కూడా లేవు. నమిలి, మింగి, మళ్లీ తుంచాడు.

"ఏమైందన్నయ్యా? బాగోలేదా?"

"ఇదా మన బన్ను!" అన్నాడు మాస్టరు. జీవితమంతా చేసిన వస్తువు రుచి ఆయనకి ఇన్నాళ్లకి తెలిసింది. పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు గాని, భుజాలు ఎందుకు కదులుతున్నాయో చెల్లెమ్మకి అర్థమైంది. వెళ్లి రెండో ట్రే తిప్పింది.

కొత్త మనిషి మాట యజమానురాలు మళ్లీ ఎత్తలేదు. చెయ్యి పూర్తిగా మానింది. బుల్లి గ్లాసు మాత్రం వారానికోసారి, సెలవు రోజున ఉంది. అది కూడా సగం తాగి, మిగతాది భార్య వైపు జరిపేస్తున్నాడు.

బన్ను బాగుపడిన ఆ మొదటి రోజు మధ్యాహ్నం మాస్టరు ఒక బన్ను చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాడు. భార్య మిషను మీద వంగి ఉంది. ముక్క తుంచి ఆవిడ నోటికి అందించి, మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి? ఎప్పుడూ ఉన్నట్టే ఉంది" అందావిడ, నములుతూ. "ఊళ్లో అందరికీ తెలిసిన రుచే కదండీ. మీకొక్కరికే తెలియలేదు, పాపం" అని, ఇంకో ముక్క కోసం నోరు తెరిచింది.